చుక్క ఆగింది, బండి ఆగలేదు

కరోనా తగ్గిన తర్వాత, ఒక పత్తి ఏరే కాలంలో, వరంగల్‌లో నేను పనిచేసే మోటార్‌సైకిల్ షోరూమ్ వాళ్లు నన్ను సర్వీసు షెడ్డు నుంచి ఫిట్టింగ్ బల్లకు మార్చారు. నా హోదా సీనియర్ ఎలక్ట్రికల్ టెక్నీషియన్. చొక్కా జేబు మీద అలాగే కుట్టి ఉండేది. చదివింది ఐదో తరగతి. అందరూ పిలిచేది వైరింగ్ మిస్త్రీ అని. కొత్త బండ్లకు హారన్లు, లైట్లు, దొంగలు ఎత్తుకుపోకుండా పెట్టే ట్రాకర్లు బిగించడం ఆ బల్ల పని. ఇప్పుడు రిటైరయ్యాను కానీ ఏ ట్రాకర్ మంచిదని ఇంకా ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. అందరికీ ఐలయ్య సంగతే చెబుతాను. ఇదివరకు ఏమీ రాసినవాణ్ణి కాదు. తప్పులుంటే సర్దుకొని చదవండి.

ఐలయ్యది నర్సంపేట దగ్గర ఒక ఊరు. ఎదకు వచ్చిన బర్రెలకు, ఆవులకు సూది వేసి చూడి కట్టించడం అతని పని. ఊళ్లలో డాక్టర్ సాబ్ అంటారు. బండి వెనక, ఎద్దు వీర్యం చెడకుండా చల్లగా ఉంచే నైట్రోజన్ డబ్బా కట్టుకొని ఊరూరు తిరగాలి. బర్రె ఎద ఎవరి కోసమూ ఆగదు, ఆ పూట అందకపోతే రైతు ఇంకొకరిని పిలుచుకుంటాడు. అతని పాత బండిని మార్కెట్ గేటు ముందర డబ్బాతో సహా ఎవరో ఎత్తుకుపోయారు. చాయ్ తాగి వచ్చేలోపే. ఈ కొత్త బండి కూడా పోతే ఆ పని చేతిలోంచి జారిపోతుందని అతని భయం.

ఆ రోజు షోరూమ్‌లో అతను కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. లేచి అద్దంలోంచి బండిని చూసి వచ్చేవాడు. మళ్లీ లేచి హ్యాండిల్ లాక్ లాగి చూసేవాడు.

"కూసో ఐలయ్యా, నీ బండిని బర్రె మేసిపోదు" అన్నాను.

"పాత దాన్ని గూడ బర్రె మెయ్యలే కాకా, మనిషే మేసిండు" అన్నాడు.

ట్రాకర్లు మూడు రకాలని చెప్పాను. బిళ్ల లాంటిది ఒకటి. అది దగ్గర్లో వేరేవాళ్ల ఫోన్ ఉంటేనే జాడ చెబుతుంది. పత్తి చేలలో బండి పడి ఉంటే ఫోన్లు ఎక్కడివి? రెండోది అయస్కాంతంతో అతుక్కునేది. ఛార్జింగ్ పెట్టడం మరిచిపోతే చచ్చిపోతుంది. మూడోది బండి బ్యాటరీకి కలిపేది. లోపల సిమ్ ఉంటుంది, బండి బ్యాటరీ పీకేసినా కాసేపు నడవడానికి సొంత బ్యాటరీ ఉంటుంది. అతనికి కావలసింది ఇదే. కానీ ఇందులోనూ తేడాలున్నాయి. ఇంజన్‌ను దూరం నుంచి ఆపడానికి రిలే అనే చిన్న స్విచ్ ఇస్తారు. ఒక రకంలో ఫోన్‌లో బటన్ నొక్కితే రిలే అప్పటికప్పుడు తెగి ఇంజన్ ఆగిపోతుంది. ఇంకో రకం బటన్ నొక్కినా బండి నిలబడేదాకా ఆగి, ఆ తర్వాతే కట్ చేస్తుంది.

మా సేల్స్ నవీన్ అప్పటికప్పుడు ఆపేదాన్నే మెచ్చుకున్నాడు. "నొక్కుడే ఆలస్యమన్నా, దొంగ రోడ్డు మీద బొమ్మ లెక్క నిలవడతడు."

ఐలయ్య మొఖం వెలిగింది. బండి నిలబడ్డాక కట్ చేసేదే మేలని నేను చెప్పాను. "దొంగను మెల్లగ సాగనంపి, ఆడు ఆగినంక పట్టుకోవాల్నా కాకా? ఆడేమన్న సుట్టమా?" అన్నాడు.

జాబ్‌కార్డులో బండి నడిపేవాళ్లు ఎవరెవరని ఒక గడి ఉంటుంది. అడిగితే "నేనొక్కణ్ణే" అన్నాడు. అతను కోరిందే బిగించాను. సీటు కింద పెట్టలేదు, దొంగ ముందు చూసేది అక్కడే. ట్యాంకు ఇనుము కప్పకుండా, ఆకాశం కనబడే చోట ముందు భాగంలో దాచి, కంపెనీ వైర్ల రంగు టేపే చుట్టాను.

కొన్నాళ్లకు అతను తోటి ఉద్యోగి కారులో ఏదో మీటింగుకు వరంగల్ వచ్చి, షోరూమ్‌కు వచ్చాడు. బండి ఇంటి దగ్గరే ఉంది. అలారం ఊరికే మోగుతోందని ఫిర్యాదు.

"బర్రె తోక తాకినా మోగుతాంది, కోడి ఎగిరినా మోగుతాంది. నిద్ర లేదు కాకా నాకు."

కదలికను ఎంత గట్టిగా పట్టుకోవాలో తగ్గించే సెట్టింగ్ చూపిస్తున్నాను. అంతలో ఫోన్ మోగింది. ఇగ్నిషన్ ఆన్ అని తెరమీద వచ్చింది. పటం మీద అతని బండి చుక్క ఇల్లు వదిలి నర్సంపేట రోడ్డెక్కింది.

"పోతాంది! కాకా, నా బండి పోతాంది!"

భార్య సమ్మక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. చుక్క జోరు పెరిగింది. బొటనవేలు బటన్ మీద పెట్టాడు.

"నొక్కన్నా, నొక్కు! టౌను దాటితే మళ్ల దొరకది" అని నవీన్ అంటున్నాడు.

నేను ఐలయ్య మణికట్టు పట్టుకున్నాను. దొంగ హ్యాండిల్ లాక్ విరగ్గొడితే ముందు కుదుపు అలారం రావాలి. కోడి ఎగిరినా మోగే యంత్రానికి ఇప్పుడు కుదుపు ఏదీ రాలేదు, నేరుగా ఇగ్నిషన్ వచ్చింది. అంటే ఎవరో తాళం పెట్టి తిప్పారు.

"రెండో తాళం యాడుంది?"

"ఇంట్ల. దేవుని అర్రల, మేకుకు."

"ఎవలకు అందుతది?"

"దేవుని అర్ర కాకా, ఇంట్లోళ్లకు తప్ప ఎవలకు..." అని అక్కడే ఆగిపోయాడు. వెంటనే చెయ్యి గుంజుకోబోయాడు. "ఇంట్లోళ్లయితే ఫోన్ ఎత్తరా? నా మార్కెట్ బండి గూడ గిట్లనే పాయె. వదులు!"

ఇంతలో చుక్క ఒక కల్వర్టు దగ్గర నిలబడిపోయింది.

"ఆగింది! ఇగ నొక్కుత. నువ్వన్నట్టే ఆగినంక నొక్కుతాన."

"చుక్క ఆగింది బిడ్డా, బండి ఆగలే" అన్నాను. ఆ మలుపులో సిగ్నల్ ఉండదని ఆ దారిన తిరిగిన నాకు తెలుసు. ఆ ట్రాకర్‌కు ఆపమనే మాట మెసేజ్ రూపంలో పోతుంది. సిగ్నల్ లేని చోట ఆ మెసేజ్ దారిలోనే కాచుకొని ఉంటుంది. సిగ్నల్ అందగానే, అప్పుడు బండి ఎంత జోరులో ఉన్నా ఇంజన్ ఆపేస్తుంది. వెనక పత్తి లారీ ఉంటే ఏమవుతుందో అడిగాను. అతను వేలు తీయలేదు. నేను చెయ్యి వదల్లేదు. చుక్క కదలలేదు.

తర్వాత అది ఎగిరి నర్సంపేట లోపల కనిపించింది. కాస్త నడిచి నిలబడింది. ఇగ్నిషన్ ఆఫ్ అని వచ్చింది. పటంలో అది దవాఖాన ఉన్న వీధి.

సమ్మక్క ఫోన్ అప్పుడు వచ్చింది. స్పీకర్ పెట్టాడు.

"చేనుకాడ చిన్నదాన్ని తేలు కుట్టింది. మా తమ్ముడు రాజు బండి తీస్కొచ్చిండు, నేను యెనక బిడ్డను పట్టుకొని కూసున్న. ఫోనెట్ల ఎత్తుత? సూదిచ్చిండ్రు, ఏం ఫికర్ లేదన్నరు. అన్నిసార్లు ఎందుకు చేసినవ్?"

"బండి... దొంగలు తీస్కపోయిండ్రనుకున్న."

"నా తమ్ముడు దొంగనా? మన పెండ్లయిన కాన్నుంచి నీ బండి ఆడే కదా తోలుతాండు!"

జాబ్‌కార్డులో నేనొక్కణ్ణే అన్నది అబద్ధం కాదు. మన ఇళ్లలో బామ్మర్ది బండి అడిగి తీసుకుపోడు. అలా తీసుకుపోవడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందుకే బండి నడిపేవాళ్ల పేర్లు చెప్పమంటే రాజు గుర్తుకే రాలేదు.

ఐలయ్య ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆ వేలిని రెండో చేత్తో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. ఆ షోరూమ్‌లో అతను కదలకుండా కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పాప ఇంటికి వచ్చాక బండి తెచ్చాడు. అప్పటికప్పుడు తెగే రిలే తీసేసి, బండి ఆగితేనే కట్ చేసే రకం పెట్టాను. అలారం సమ్మక్క, రాజు ఫోన్లకు కూడా పోయేలా చేశాను. రెండో తాళం ఇకనుంచి తన జేబులోనే పెట్టుకుంటానన్నాడు. వద్దు, ఆ మేకుకే ఉంచమన్నాను. మళ్లీ తేలు కుట్టవచ్చు.

ట్రాకర్ బండి ఎక్కడుందో చెబుతుంది. ఎవరు నడుపుతున్నారో చెప్పదు. అందుకే ఆ తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చిన వాళ్లను బండి ఎవరు నడుపుతారని అడగడం మానేశాను. రెండో తాళం ఏ మేకుకు ఉంటుందో, అది ఎవరికి అందుతుందో అడిగేవాణ్ణి. దానికి జవాబు వచ్చాకే పెట్టె తెరిచి ట్రాకర్లు చూపించేవాణ్ణి.