ఏంజెల్ చేప ఉపవాసం

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజుల్లో, పద్మారావు నగర్‌లో ఎమిలీ టీచరు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పేవారు కాదు. "సముద్రం ఉన్న ఇల్లేనా?" అని ఎదురడిగేవారు. ముందు గదిలో సోఫా ఉండాల్సిన చోట ఆరడుగుల గాజు తొట్టి ఉండేది. సోఫా వరండాలోకి వెళ్లిపోయింది. ఎంత దగ్గరి చుట్టాలొచ్చినా వరండాలో కూర్చోవాల్సిందే. చేపలకు గది ఇచ్చి మనుషుల్ని గుమ్మం బయట పెట్టిన ఇల్లు సికింద్రాబాదు మొత్తం మీద అదొక్కటే అయి ఉంటుంది.

ఎమిలీ పుట్టింది భీమిలిలో. ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనపడేది. పెళ్లయ్యేదాకా రోజూ చూసింది, కానీ చూసిందల్లా పైపైనే. నీళ్లంటే భయం కొద్దీ మోకాళ్ల లోతుకు మించి ఎప్పుడూ దిగలేదు. బ్యాంకు ఉద్యోగి ప్రభుదాస్‌ను పెళ్లాడి సికింద్రాబాదు వచ్చి, స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ ఉండగా ఒకరోజు పన్ను నొప్పితో డెంటిస్టు దగ్గరికి వెళ్లింది. అక్కడ గోడలో ఓ చిన్న ఉప్పునీటి తొట్టి ఉంది. రాళ్ల మీద పగడాలు పువ్వుల్లా విచ్చుకుని ఊగుతున్నాయి. అవి పువ్వులు కావు, ప్రాణమున్న జీవులని ఎవరో చెప్పారు. ఎమిలీ కుర్చీ తొట్టి దగ్గరికి జరుపుకుంది. అన్నేళ్లు సముద్రం పక్కన పెరిగి తాను చూసింది దాని పైకప్పునేనా? సముద్రం లేని ఊళ్లో, పన్ను పీకించుకోవడానికి వచ్చి, దాని లోపలి ఇల్లు చూసింది. పిలుపు వచ్చినా లేవలేదు. కాంపౌండరు వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది.

అలా మొదలైంది పిచ్చి. పిచ్చి అన్నది అత్తగారు కాంతమణి మాట. ఉప్పు తూచి నీళ్లలో కలపడం, వేసవిలో నీళ్లు వేడెక్కకుండా ఫ్యాన్లు పెట్టడం, కరెంటు పోతే పరుగెత్తడం చూసి ఆవిడ ముక్కున వేలేసుకునేవారు. "పిల్లల్ని కూడా ఇంత సుకుమారంగా పెంచలేదమ్మా" అనేవారు. ఒక మే నెలలో కరెంటు లేక, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేస్తే, ఎమిలీ పగలంతా ఒక చేత్తో నీళ్లు కలుపుతూ, ఇంకో చేత్తో విసనకర్ర విసురుతూ కూర్చుంది. అదంతా ముఖ్యంగా ఒక పగడం కోసం. తెచ్చినప్పుడు బొటనవేలంత. ఏళ్ల తరబడి సాకితే అరచేయంత అయింది. ముడతలు ముడతలుగా, మెత్తగా, ఎరుపూ ఆకుపచ్చా కలిసిన రంగుతో పగలంతా ఉబ్బి ఇసుక మీద పడుకుని ఉండేది. ఆ తొట్టి మొత్తంలో ఎమిలీ ప్రాణమంతా దాని మీదే ఉండేది.

ఏంజెల్ చేప వచ్చింది ఆ తర్వాత. రెజిమెంటల్ బజార్‌లో జమాలుద్దీన్‌కు చేపల దుకాణం ఉంది. ఎమిలీ తొట్టి కట్టిచ్చింది కూడా అతనే. ఒక సాయంత్రం ఎమిలీ అక్కడికి పగడాలకు మందు కొనడానికి వెళ్లి, మూల తొట్టిలో ఉన్న చేపను చూసి మందు సంగతే మరిచిపోయింది. నల్లటి నీలం ఒళ్లు. దాని మీద తోక దగ్గర తెల్లటి గుండ్రటి వలయం, దాని చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ ఇంకోటి. ఎవరో ముగ్గు వేస్తూ వేస్తూ చెయ్యి ఆపలేకపోయినట్టు ఉంది.

"ఇది పిల్ల మేడం" అన్నాడు జమాలుద్దీన్. "పెద్దగైతే ఈ చుట్లన్నీ పోతయి. పసుపు గీతలు, నీలం గీతలు వస్తయి. గిదే చేప అంటే ఎవ్వరు నమ్మరు."

"పగడాల తొట్టిలో వేయొచ్చా?"

"గ్యారంటీ నేనియ్య. ఏంజెల్ చేపల్ల చిన్న రకాలున్నయి, అవైతే జెర నయం. ఇది పెద్ద రకం. తోలు లెక్క గట్టిగున్న పగడాలను ముట్టది. మెత్తగ కండ ఉన్నదాని మీద నోరు పెట్టినా పెడ్తది. మీ తొట్టి పెద్దదే, జాగ సరిపోతది. కానీ ఒక్క మాట, కడుపు నిండ పెట్టాలె. జెర జెర, మాటిమాటికి. ఎండబెట్టిన నాచు పొద్దంతా అందుబాట్ల ఉండాలె."

ఆ చేపను విడి టబ్బులో కొన్ని వారాలు ఉంచి, రోగం లేదని తేలాక, మిగతా చేపలన్నీ స్థిరపడ్డ తొట్టిలోకి ఆఖరున వదిలారు. ముందే వదిలితే ఇల్లంతా నాదే అంటుందని జమాలుద్దీన్ చెప్పాడు. స్కూలు రోజుల్లో పగటిపూట మేత కాంతమణిగారి వంతు పడింది. నల్లటి కాగితంలా ఉండే సముద్రపు నాచును క్లిప్పుకు తగిలించి గాజుకు అతికించాలి. మొదట్లో ముఖం చిట్లించుకుంటూ చేసేవారు. కొన్నాళ్లకు చేప ఆవిడ చీర కొంగు కనబడితే చాలు గాజు దగ్గరికి వచ్చేది. "వచ్చావా, తిండిపోతు మొహమా" అని పలకరించేవారు. పిచ్చి అనే మాట మానేశారు.

చలికాలం వెళ్లేసరికి చేప మారడం మొదలుపెట్టింది. ముందు తోక పసుపెక్కింది. తర్వాత వలయాలు ఒక్కొక్కటే తెగి, వంకర తిరిగి, పొడుగు సాగాయి. ఉదయం ప్రార్థన కాగానే అత్తా కోడలూ కాఫీ గ్లాసులతో తొట్టి ముందు చేరేవారు. నిన్న లేని గీత ఇవాళ ఉండేది. ఎక్కడా కుంచె లేదు, చెయ్యి లేదు. ఒకరోజు కాంతమణిగారు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "దేవుడు ఇంకా పని చేస్తానే ఉన్నాడే అమ్మాయ్. మన ముందు గదిలో" అన్నారు. అంతకు మించిన ప్రసంగం ఎమిలీ ఏ చర్చిలోనూ వినలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలయ్యాక పగడానికి జబ్బు చేసింది. శనివారం నీళ్లు మార్చే వేళకు ముడుచుకుపోయి, అంచున కండ పోయి లోపలి తెల్లటి ఎముక కనబడేది. వారం నడిమికి కాస్త కోలుకునేది. మళ్లీ శనివారానికి అదే గతి. ఎమిలీ ఉప్పును అనుమానించింది, లైట్లను అనుమానించింది. ఒక శుక్రవారం స్కూలు ఒంటిపూటే అయి మధ్యాహ్నం ఇంటికొస్తే సంగతి బయటపడింది. ఏంజెల్ చేప పగడం అంచు పట్టి కొరుకుతోంది. ఎమిలీ చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి గాజు మీద కొట్టింది. చేప తప్పుకుంది. అటు తిరగగానే మళ్లీ వచ్చింది.

రెండిట్లో ఒకటే ఉండాలి. పగడం ఇంకొన్ని వారాలు ఓర్చుకోలేదు. గీతలు సగమే వచ్చిన చేపను పంపేయాలంటే మనసొప్పలేదు. అయినా ఏడుస్తూనే జమాలుద్దీన్‌కు ఫోను చేసింది.

అతను మరుసటి శుక్రవారం జుమ్మా నమాజు చదువుకుని, ఎలాగూ సాయంత్రం దాకా దుకాణం మూతే కాబట్టి, బకెట్టూ వలా తీసుకుని వచ్చాడు. చేప రాళ్ల సందులో దూరింది. ఎంతకీ చిక్కదు.

"జెర నాచు పెట్టండి మేడం. తిననీకి వస్తది, అప్పుడు పడ్తా."

"ఇవాళ శుక్రవారం కదా అబ్బాయ్" అన్నారు కాంతమణిగారు లోపలి నుంచి. "సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఇంట్లో ఏ నోటికీ ఏమీ లేదు."

అది ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కట్టుబాటు. శ్రమకాలం శుక్రవారాల్లో ఇల్లంతా కలిసి ఉపవాసం. పొయ్యి వెలిగించరు. వెనకటికి పెరట్లో కోళ్లకు కూడా గింజలు చల్లేవారు కాదట. ఈ ఇంట్లో చేపల మేత డబ్బా కూడా ఆ రోజు బియ్యం, పప్పులతో పాటు అల్మరాలో తాళం కిందికి పోయేది. ఏళ్లుగా అంతే. చిన్న చేపలు ఎలాగో సర్దుకున్నాయి.

"పట్టనీకే అమ్మా, ఒక్క ముక్క" అని జమాలుద్దీన్ బతిమాలితే ఆవిడ అయిష్టంగానే తాళం తీశారు. ఎమిలీ నాచు ముక్క తగిలించి చెయ్యి తీసిందో లేదో, చేప రాళ్లలోంచి దూసుకొచ్చింది. చింపి, లాగి, మింగి, మళ్లీ చింపింది. వల పక్కనే ఉన్నా లెక్కచేయలేదు. జమాలుద్దీన్ వల ముందుకు జరిపాడు.

"ఆగండి" అంది ఎమిలీ.

చేప కడుపు నింపుకుని పగడం మీదుగానే తాపీగా వెళ్లిపోయింది. దాని వంక కన్నెత్తి చూడలేదు. ఎమిలీ అక్కడే కూలబడింది. ఉప్పు కాదు, లైట్లు కాదు. తామే. చేపతో ఉపవాసం చేయించింది తామే.

"అత్తయ్యా, ఇది ఆకలికి తిన్నది. మనం పెట్టని రోజే తిన్నది" అంది.

కాంతమణిగారు డబ్బా తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. అల్మరా తాళం పడిన చప్పుడు వినిపించింది.

జమాలుద్దీన్ ఇబ్బందిగా నవ్వాడు. "బకెట్ ఈడనే పెడ్తున్న మేడం. వచ్చే శుక్రవారం చూస్కొని చెప్పండి."

వచ్చే శుక్రవారమంటే గుడ్ ఫ్రైడే. ఏడాది మొత్తం మీద కాంతమణిగారు మంచినీళ్లు కూడా ముట్టని రోజు. ఆ రోజు అల్మరా తెరవమని అడగడానికి ఎమిలీకి నోరు రాలేదు. చర్చి క్వయర్‌లో పాడాలి కనుక పొద్దున్నే బయల్దేరింది. వెళ్తూ తొట్టి వైపు చూడలేదు. చర్చిలో మధ్యాహ్నం ఆరాధన మొదలైంది. ఎప్పుడూ అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చునే అత్తగారి చోటు ఖాళీగా ఉంది. పాట పాడుతున్నా ఎమిలీ కళ్లు ఆ ఖాళీ మీదే ఉన్నాయి. ఒంట్లో బాగోలేదేమో అని భయపడింది. రెండో పాట సగంలో ఉండగా ఆవిడ తెల్లచీర కొంగు తల మీద సర్దుకుంటూ, ఎవరి వంకా చూడకుండా వచ్చి కూర్చున్నారు.

ఆరాధన అయ్యాక ఎమిలీ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి భీమిలి వాసన వచ్చింది. వేళ్ల సందుల్లో పచ్చటి నాచు పొడి అంటుకుని ఉంది.

"అత్తయ్యా..."

"ఏం లేదులే" అన్నారు ఆవిడ గొంతు తగ్గించి. "మనం దాన్ని మాడ్చాం, అది పోయి పక్కదాని ఒళ్లు కొరికింది. అలాంటి ఉపవాసం దేవుడికెందుకే అమ్మాయ్? పద, మళ్లీ పెట్టాలి. జెర జెర పెట్టమన్నాడుగా ఆ అబ్బాయి."

ఇంటికి వెళ్లేసరికి గది నిండా మధ్యాహ్నపు వెలుతురు. క్లిప్పుకు నాచు పీలికలు ఊగుతున్నాయి. ఇసుక మీద పగడం అంచుల దాకా ఉబ్బి ఉంది. దాని మీదుగా చేప వెళ్తోంది, పక్కకు తిరిగినప్పుడల్లా పసుపు గీత ఒకటి కొత్తగా మెరుస్తోంది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగని కాంతమణిగారు జమాలుద్దీన్ బకెట్టు బోర్లా వేసుకుని, దాని మీద కూర్చుని, ఇంకో నాచు ముక్క తుంచారు.