కొత్త చక్రాలు, పాత నట్లు

టైర్ల దొర అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. దొరతనం ఏపాటిదంటారా? ఒక రేకుల షెడ్డు, గాలి మిషను, గ్రీజు మరకల స్టూలు. కానీ ఆ స్టూలు మీద కూర్చుని వచ్చినవాణ్ణల్లా ఎగాదిగా చూసే చూపు ఉంది చూశారూ, ఆ చూపుకే అతనికి ఆ పేరు వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా టైర్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు, మధ్యలో బండ్లవాళ్లను తిడుతున్నాడు. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు.

మెరిసే చక్రాలు కావాలని వచ్చేవాళ్లంటే అతనికి ఒళ్లు మంట. అందరిలోకీ లోకువ సొంత బావ. అక్కకు ఒక పికప్ బండి ఉంది. ఫ్యాక్టరీ నుంచి కిటికీ అద్దాలు తెచ్చి దుకాణాలకు చేరవేస్తుంది. నడిపేది అక్క, ఎత్తి దించేది అక్క. పక్క సీట్లో కూర్చుని బండి గురించి ఉపన్యాసాలు దంచేది బావ.

ఆ బావ ఒకరోజు ఫోను పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"బామ్మర్దీ, ఈ చక్రాలు చూడు! నల్ల రంగు, అంచున వెండి గీత. పాతవాటికంటే అంగుళం వెడల్పు."

"అద్దాలు మోసే బండికి సోకులా? ఇంకేం, పౌడరు కూడా రాయి."

"అది కాదయ్యా, టైర్లు మన బరువుకు సరిపోయేవే. టైరు పక్కన ఉండే బరువు అంకె చూసే ఎంచాను. నువ్వు బిగించిపెడతావని..."

"ఆ చెత్త నా చేత్తో ముట్టను. అమ్మేవాడి చేతే బిగించుకో, పో!"

బావ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. దొరకు ఆ పూటంతా హుషారే.

మూడో రోజు సాయంత్రం బావే బండి నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపాడు. కొత్త చక్రాలు ధగధగలాడుతున్నాయి. దొర స్టూలు మీంచి లేవలేదు. కూర్చున్నచోటి నుంచే కనిపించింది అతనికి: నట్లు పాతవి. పాత ఇనుప చక్రానికి అడుగు చదునుగా ఉన్న నట్టు సరిపోతుంది. ఈ కొత్త చక్రంలో గుంట ఏటవాలుగా ఉంటుంది, దానికి కొన సన్నబడిన నట్టే పడాలి. చదును నట్టు వేస్తే అంచు మాత్రమే ఆనుతుంది. బరువుతో తిరిగేకొద్దీ వదులైపోతుంది.

"నట్లు కూడా మార్చమన్నాడు చక్రాలు అమ్మినవాడు," అన్నాడు బావ గర్వంగా. "మనవి నిక్షేపంలా ఉన్నాయిగా, అవే వెయ్యమన్నాను."

దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బో, ఏం తెలివి బావా!"

మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. రెండు రోజులు చక్రం కటకటలాడనీ, తోక ముడుచుకుని బావే వస్తాడు, అప్పుడు నలుగురిలో కడిగేద్దాం అనుకున్నాడు. ఆ సంబరంలో రేపు స్టీరింగు ముందు కూర్చునేది ఎవరో అతనికి తట్టనే లేదు. ఏం మనిషి!

మర్నాడు పొద్దున ఎవరిదో టైరుకు పంచరు వేస్తుంటే మలుపు దగ్గర టక్, టక్ అని వినిపించింది. తలెత్తాడు. వెనక నిండుగా అద్దాలు, ముందు ఎడమ చక్రం తూలుతోంది, స్టీరింగు ముందు అక్క. చెప్పులైనా లేకుండా రోడ్డు మధ్యకు పరిగెత్తాడు.

"అక్కా! ఆపు! ఆపక్కా!"

బండి అతనికి మూరెడు దూరంలో ఆగింది. అయిదు నట్లలో రెండు లేవు. మూడోది వేళ్లతో తిప్పితే ఊడి వచ్చింది.

బావ దిగి లబలబలాడాడు, అంతలోనే తేరుకుని దారిన పోయేవాళ్లను పిలిచాడు. "చూశారా మా బామ్మర్దిని! చప్పుడు విని పట్టేశాడు! అదీ పనివాడంటే!"

అక్క మాత్రం చక్రం పక్కన కూర్చుంది. నట్టు ఊడిన బోల్టును వేలితో తడిమింది.

"నిన్న బండి ఇక్కడికొచ్చిందటగా?"

"ఊఁ."

"నువ్వు చూసి నవ్వావట."

"బావ తెలివికి నవ్వొచ్చిందక్కా."

"ఆయనకు తెలియదురా. తెలియకే ముందు నీ దగ్గరికొచ్చాడు. నీకు తెలుసు కదా?"

దొర లోపలికెళ్లి సరైన నట్లు తెచ్చి నాలుగు చక్రాలకూ ఇరవై బిగించాడు. చెమట కళ్లలో పడుతున్నా తుడుచుకోలేదు. అక్క స్టీరింగు ముందు కూర్చున్నాక కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలక్కా. రేపు తీసుకురా."

"వేరేచోట బిగించుకుంటాంలే," అంది అక్క.

బండి కదిలింది. అవతలి కిటికీలోంచి బావ మలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.