బోణీ బేరం

బోణీ అంటే పొద్దున జరిగే మొదటి అమ్మకం. తెలుగువాళ్లకు ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చీరలు చూపించే దుకాణంలో మాత్రం దాని అసలు అర్థం వేరు. మొదట లోపలికి వచ్చిన మనిషి ఏదో ఒకటి కొనకుండా బయటికి పోకూడదు. పోయిందా, ఆ రోజు గిరాకీ లేకపోవడానికి కారణం నేనే. అందుకే "బోణీ బేరం అక్కా, కాదనకు" అని గడ్డం పట్టుకున్నంత పని చేస్తాం. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా మొహమాటానికి పర్సు తీస్తారు. నాకు ఆ మాటంటేనే ఒళ్లు మంట.

ఒకరోజు మా అమ్మ వచ్చింది. మీర్‌పేట్ నుంచి మూసారాంబాగ్‌కు కళ్లద్దాలు చేయించుకోవడానికి పోతూ, బిడ్డ పనిచేసే చోటు చూద్దామని దారిలో దిగింది. ఇంటివాళ్లు దుకాణానికి రాకూడదని మా యజమాని కట్టడి. చెల్లెలు వచ్చి మాట్లాడిందని అంతకుముందే ఒకమ్మాయిని మాన్పించాడు. పొద్దున ఆయన ఉండడని అమ్మకు నేనే చెప్పాను. ఖర్మ, ఆ రోజు ఉన్నాడు.

"రండమ్మా, కూర్చోండి" అని అమ్మను పిలిచి, నావైపు తిరిగాడు. "ఏంటలా నిలబడ్డావు? బోణీ. చూపించు."

అమ్మ నా మొహం ఒకసారి చూసి పరుపు అంచున కూర్చుంది. బోణీలూ శకునాలూ నమ్మొద్దని చర్చిలో పిల్లలకు చెప్పే మనిషి.

"జర తక్కువల ఒకటి చూపెట్టు మేడం" అంది.

కన్నతల్లి నన్ను మేడం అంది. చేతికందిన చీర విప్పాను. అమ్మ దాని అంచు కంటికి ఆనించుకుంది.

"గిది పచ్చదా, నీలమా మేడం?"

"నీలం."

వద్దు, లేచి పొమ్మందామనుకున్నాను. యజమాని నన్నే చూస్తున్నాడు. నోటికి అలవాటైన మాటే వచ్చింది. "బోణీ బేరం అమ్మా, కాదనకు." ఆ 'అమ్మా' దుకాణంలో పెద్దవాళ్లందరినీ అనేదే.

కళ్లద్దాల పైసలిచ్చి అమ్మ చీర కొంది. ఇక మూసారాంబాగ్‌లో పనేముంది, అటునుంచి అటే మీర్‌పేట్ బస్సెక్కింది.

ఆ రోజు జనం విరగబడ్డారు. సాయంత్రం యజమాని నన్ను పిలిచి మరీ మెచ్చుకున్నాడు.

"పొద్దుటావిడ చెయ్యి మంచిదమ్మా. మళ్లీ వస్తే మాత్రం వదలకు."

"సరే సార్" అన్నాను.