తాత నిద్రపోయిన మధ్యాహ్నం

వరంగల్‌లో ఛాతీ వార్డు నర్సుగా నాకు ఆయాసం చప్పుడు అలవాటే. మా వైపు దాన్ని దమ్ము అంటారు. ఆ చలికాలం మూడో మంచం మీద తొర్రూరు నుంచి వచ్చిన ఒక తాత ఉండేవాడు. పత్తి మిల్లులో దుమ్ము, పైన బీడీలు. ఊపిరితిత్తులు ఏనాడో పాడయ్యాయి. ఐదు రోజులుగా పడుకోలేక, మోకాళ్ళ మీద చేతులానించి కూర్చుని ఎగపోస్తున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య, అవ్వ.

ఇలాంటి వాళ్ళకు ఆక్సిజన్ కొలిచి పెట్టాలి. ఎక్కువైతే లోపలి చెడుగాలి బయటికి పోక మత్తు కమ్ముతుంది. గోడకున్న గాజు గొట్టంలో చిన్న గుండు ఎంత పైకి లేస్తే అంత ఆక్సిజన్ వస్తున్నట్టు. ఆ గుండు ఒకటి అంకె దగ్గరే ఉండాలి, దాన్ని ఎక్కించి దించే మర ముట్టుకోవద్దని అవ్వకు మొదటిరోజే చెప్పాను. చెప్పడమేమిటి, అరిచాను. నా నోరు అలాంటిది.

ఆ మధ్యాహ్నం మందుల ట్రాలీతో వస్తుంటే అవ్వ పెదాల మీద వేలు పెట్టింది.

"జర మెల్లగ బిడ్డా. ఇయ్యాల్నే కన్నంటుకున్నది ముసలాయనకు."

తాత వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా, పడుచువాడి ముఖంలా ఉంది, పెదాల మీద చిన్న నవ్వు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్ మీద వంద. అన్ని రోజులూ తొంభై దాటని అంకె అది. ఆయన లేస్తాడేమోనని పక్క మంచాల వాళ్ళు కూడా గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. నాకూ సంతోషమేసింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. మందు తర్వాత వేయొచ్చులే అని ట్రాలీ ముందుకు తోశాను కూడా.

నాలుగడుగులు వేశాక ఆ నిశ్శబ్దం నచ్చలేదు. వెనక్కి వచ్చి తాత ఛాతీ మీద చెయ్యి పెట్టాను. లేచింది, దిగింది. తర్వాత ఏమీ లేదు. నేను మూడుసార్లు ఊపిరి తీసుకున్నాక మళ్ళీ లేచింది. "తాతా!" అని కుదిపాను. తల ఒక పక్కకు ఒరిగింది కానీ పెదాల మీది నవ్వు చెదరలేదు.

గొట్టంలో గుండు పైకంటా ఉంది.

"ఎవరు తిప్పిండ్రు?"

"నేనే బిడ్డా. గోస చూడలేకపోయిన. జరంత గాలి ఎక్కువొస్తె పానం సల్లవడ్తదనుకున్న."

మర తగ్గించి డాక్టరును కేకేశాను. ముఖానికి బిగుతైన మాస్కు కట్టి, మిషన్‌తో ఊపిరి అందించాం. ఇంకోసారి తిప్పితే తాత లేవడని అవ్వకు చెప్పాను. ఈసారి అరవబుద్ధి కాలేదు.

సాయంత్రానికి కళ్ళు తెరిచాడు. మళ్ళీ అదే ఎగపోత. పిచ్చిదాన్ని, నవ్వుతూ పలకరించాను. మాస్కు తీసి నీళ్ళు తాగిస్తుంటే నా వైపు కోపంగా చూశాడు.

"ఎందుకు లేపినవ్ బిడ్డా? ఆడ దమ్ము లేకుండె. ఊపిరి వీల్చే పనే లేకుండె."

ఆయన అవ్వ వైపు తిరిగాడు.

"ఏమే, జర గా గుండు మీదికెక్కియ్యే."

అవ్వ గోడ వైపు చాలాసేపు చూసింది. ఒళ్ళోంచి చెయ్యి లేచింది కూడా. నేను కదల్లేదు. ఆపాలన్న సంగతే మరిచిపోయాను. అంతలో ఆమె లేచి, స్టూలు ఎత్తుకుని, మంచం చుట్టూ తిరిగి, మర చేతికందని వైపు పోయి కూర్చుంది.