చాచాకు పడ్డ పేరు

మా దుకాణానికి చలికాలం ముందుగాల వాసనతోనే వస్తది. మొన్న ఒకాయన కారు డిక్కీ తెరిచి, ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు ఒకటి తెచ్చి నా బల్ల మీద పడేసిండు. బాతుల వేటకు పోయేటోళ్లు నీళ్లల్ల దిగెటందుకు తొడుక్కుంటరు, బూట్లు కూడ దానికే అతికి ఉంటయి. ఎండకాలమంత అది ఆ డిక్కీలనే మడత మీద మడత పడి ఉన్నట్టుంది. విప్పంగనే పాత బురద, చెమట, కరిగిన గమ్ము అన్నీ కలిసి గుప్పుమన్నయి. "మాఫీ ముష్కిల్, ఏం పరేషాన్ లేదు, రేపటికియ్యి" అని ఆయన పోయిండు. నేను మోకాలి కాడ వేలు పెట్టి చూస్తే మడత పొడుగునా పలిగి ఉంది. అప్పుడు నాకు చాచా యాదికొచ్చిండు.

చాచాది నిజామాబాద్ దిక్కు చిన్న టౌను, నాది జగిత్యాల కాడ పల్లె. గల్ఫ్‌ల దోహా పట్నం, అల్ దోహా అల్ జదీదాల గల్లీ లోపల ఉన్న మా దుకాణంల గుడారాలు, కారు సీట్లు, రెగ్జిన్ సంచులు కుడతం. నేను వచ్చేటప్పటికే చాచా అక్కడ గడ్డం నెరిసిన ఉస్తాద్. దేవునితోని ఉర్దూల మాట్లాడేది, నాతోని తెలుగుల, మిషన్ దారం తెగినప్పుడు మాత్రం రెండు భాషలూ కలిపి తిట్టేది. వేటగాళ్ల సామానంటే ఆయనకు అదొక పిచ్చి. సీజన్ అయిపోయి సామాను దాచిపెట్టమని ఇస్తే ఒక్కటి కూడ వేరేటోళ్లను ముట్టనిచ్చేది కాదు. రబ్బరు ప్యాంట్లను మంచినీళ్లతోని కడిగి, లోపలిది బయటికి తిప్పి నీడకు ఆరేసి, మళ్లా తిరగేసి బూట్లకాడ పట్టి తలకిందులుగ వేలాడదీసేది. చీకటి మూలకు తీస్కపోయి లోపల టార్చి లైటు వేసి, వెలుగు ఎక్కడ బయటికొస్తే అక్కడ చాక్‌పీసుతోని సున్న చుట్టేది. ఎర కోసం నీళ్ల మీద వదిలే ప్లాస్టిక్ బాతులను, ఆయన మాటల బతక్‌లను, చంటిపిల్లలను తుడిచినట్టు తుడిచి, రంగు గీసుకపోకుండ ఒక్కోదానికి ఒక్కో గుడ్డసంచి కుట్టేది. "అసలు బాతును కాల్చి చంపుతరు, నకిలీ బాతుకు నువ్వు అంగీ కుడుతవ్" అని నేను నవ్వేది. "చచ్చినదానికి అంగీ ఎందుకురా" అనేది ఆయన, దారం కొరుక్కుంట.

మా గిరాకీలల్ల ఒక పొడుగాయన ఉండె. ఐన్ ఖాలిద్ దాటినంక ఆయనకొక తోట, తోటల ఒక చెరువు. ఆయన కారు డ్రైవర్ మా మండలపోడే, వరుసకు నాకు బావ. అప్పుడొక చలికాలం, వేట మొదలైన వారంలనే పొడుగాయన రబ్బరు ప్యాంటు పట్టుకొని మండిపడుకుంట వచ్చిండు. చాచా వేసిన ప్యాచ్ ఊడిందట, కాలంత నీళ్లు నిండినయట, దోస్తులంత ఆయనను చూసి పడి పడి నవ్విండ్రట. చాచా ఆ ప్యాంటును తిప్పి చూసిండు. ప్యాచ్ ఉన్నకాడనే ఉంది. పలిగింది దాని పక్కన, మడత మీద. "ప్యాచ్ మంచిగుంది సాబ్. కారుల వేడికి ఇక్కడ పలిగింది" అని హిందీల మెల్లగ చెప్పిండు. అబద్ధం కాదు. కాని పొడుగాయన ఎనక ఆయన దోస్తులిద్దరు నిలబడి ఉండ్రి, మళ్లా నవ్విండ్రి. ఆయన మొహం ఎర్రగయ్యింది. "సరే, ఇది కూడ అతికియ్యి. శుక్రారం నువ్వే తొడుక్కొని నీళ్లల్ల దిగి చూపియ్యి" అన్నడు. పోవుడేందని నేనంటుండంగనే మా ముదీర్, అంటే దుకాణం మేనేజరు, అడ్డమొచ్చి, "పోతడు సాబ్, ఎందుకు పోడు" అన్నడు.

శుక్రారం నమాజ్ అయినంక బావ వచ్చి మమ్ములను తీస్కపోయిండు. చాచా ఒక్కడు పోవద్దని నేను కూడ కారెక్కిన. చెరువు గట్టున గుడారమేసి, చాయ్ తాగుకుంట నలుగురైదుగురు కూసున్నరు. పక్కన రెక్కలు విరిగిన బాతు ఒకటి ఇసుకల ఇంక కొట్టుకుంటుంది, దాని దిక్కు ఎవ్వరు చూస్తలేరు. చాచా ప్యాంటు తొడుక్కున్నడు. నడుముకు బిగించుకునే బెల్టు ఒకటి ఉంటది, జారి పడ్డా పైనుంచి నీళ్లు లోపలికి పోకుండ. చాచా దానికోసం చెయ్యి చాపితే పొడుగాయన బెల్టును తన ఒడిల పెట్టుకొని, "ప్యాచ్ మంచిగుందన్నవ్ గద, ఇదెందుకు?" అన్నడు. నీళ్ల మీద తేలుతున్న ప్లాస్టిక్ బాతులను చూపిచ్చి, "యల్లా, అవి తీస్కరా పో" అన్నడు.

చాచాకు ఈత రాదు. నాకూ రాదు. మొదటి బాతు దాకా మంచిగనే పోయిండు, నీళ్లు తొడల కాడికే ఉండె. దాన్ని పట్టుకొని మా దిక్కు తిరిగి కొంచెం నవ్విండు కూడ. రెండో దానికి చెయ్యి చాపంగనే కాలికింద గుంట తగిలింది. ముందుకు పడ్డడు, పైనుంచి నీళ్లు లోపలికి దూరినయి. రబ్బరు ప్యాంటుల నీళ్లు నిండితే మనిషి కాళ్లకు బండరాళ్లు కట్టినట్టే. లేవబోయి పడ్డడు, మళ్లా లేవబోయిండు. రెండు చేతులు రెక్కల లెక్క నీళ్లను కొడుతున్నయి, చుట్టూ ప్లాస్టిక్ బాతులు ఊగుతున్నయి. గట్టు మీద నవ్వులు. ఒకడు బాతులను పిలిచే పీక తీసి ఊదిండు. బావ ఫోన్ ఎత్తి పట్టుకొని తెలుగుల చెప్తుండు: "చూడున్రి, మన చాచా బతక్ అయిండు. బతక్ చాచా, ఎగురు!" నేను చెప్పులతోనే దిగిన. నీళ్లు నడుముకాడికి రాంగనే ఆయన భుజం పట్టీ చేతికందింది, గుంజిన. ఆ వీడియోల నేను కూడ ఉన్న, వీపు మాత్రమే.

గట్టు మీద చాచా దగ్గి దగ్గి నీళ్లు కక్కిండు. ఊపిరి అందినంక చేసిన మొదటి పని ఏందంటే, వేళ్లతోని కొత్త ప్యాచ్‌ను తడిమి చూసుడు. "ఊడలే సాబ్" అన్నడు. పొడుగాయన అప్పటికే వేరే ముచ్చట్ల పడ్డడు.

దుకాణానికి తిరిగొచ్చినంక చాచా తడిబట్టల మీదనే ఆ ప్యాంటును కడగవట్టిండు. నాకు ఒళ్లు మండింది. "అక్కడ పారేయ్ చాచా, కుళ్లిపోనీ" అన్న. "సామాను ఏం చేసింది బేటా" అని, లోపలిది బయటికి తిప్పి నీడకు ఆరేసి అప్పుడు బట్టలు మార్చుకున్నడు.

మల్లొక రెండు రోజులకు ఆయన బిడ్డ ఫోన్ చేసింది, ఊర్ల అందరి లెక్కనే ఆమెకు గల్ఫంత దుబాయే. స్పీకర్ల పెట్టి చాచా గమ్ము డబ్బా మూత పెడుతుండె. "అబ్బాజాన్, దుబాయ్ల నీళ్లల్ల ఎందుకు దుంకినవ్? మా ఆయన నలుగురి ముందట చూపెట్టి నవ్వుతుండు. అది నువ్వేనా?" అన్నది. చాచా డబ్బా మూతను గట్టిగ ఒత్తి పెట్టిండు. తర్వాత, "నేనే బేటీ. ఆట ఆడినం" అన్నడు. ఆ పిల్ల ఏడుస్తుందో నవ్వుతుందో నాకు సమజు కాలే.

నేను బావ ఉండే క్యాంప్‌కు పోయి అడిగిన. "మనోళ్ల గ్రూపుల నవ్వులాటకు పెట్టిన, గింతదానికి గంత కోపమా?" అని, నా ముందటనే తన ఫోన్లకెళ్లి తీసేసిండు. "ఇగో, డిలీట్. అయిపాయె గద" అని అన్నం తినుమన్నడు. తినకుండ వచ్చిన. అప్పటికే అది ఎన్ని ఫోన్లకు పోయిందో ఎవ్వరికి ఎరుక. మా రూముల్ల చాచా తానానికి పోతే 'క్వాక్' అనేటోళ్లు మోపయిండ్రు. ముదీర్ కూడ గిరాకీలకు ఫోన్ల, "మా బతక్ చాచాకు ఇయ్యున్రి, మంచిగ చేస్తడు" అని చెప్పవట్టిండు. సీజన్ అయిపోయినంక బావనే పొడుగాయన సామానంత దింపి, "బతక్ చాచా, జాగ్రత్తగ దాచు" అన్నడు. చాచా అన్నీ లోపలికి తీస్కపోయి, ఎప్పటిలెక్కనే కడిగి వేలాడదీసిండు. ప్లాస్టిక్ బాతులకు మాత్రం ఆ ఏడాది సంచులు కుట్టలే. నేను కుడుతనంటే, "నక్కో, వద్దు" అని తల తిప్పుకున్నడు.

ఎండలు ముదరకముందే నౌకరీ ఇడిసి ఇంటికి పోయిండు. పోయినంక ఫోన్ల చెప్పిండు: బస్టాండ్ల ఆటో ఎక్కి గల్లీ పేరు చెప్పితే, ఆ ఆటోవాడు ఎనక్కు తిరిగి చూసి, "బతక్ చాచావి నువ్వేగద?" అని అడిగిండట. పుట్టిన గల్లీల పోరగాళ్లు ఎంటపడుతుంటే, పెద్దలు కిటికీలకెళ్లి చూసుకుంట నవ్వుతుంటే, చాచా మసీదుకు పోయే తొవ్వ మార్చిండు. కొన్నాళ్లకు ఊరే మార్చిండు. ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక దుకాణంల బడిసంచులు కుడుతుండు. అక్కడ ఎవ్వరికి ఆయన తెల్వదు. పోయిన రంజాన్‌కు ఫోన్ చేస్తే మంచిగనే మాట్లాడిండు, పెట్టేసేముందు మాత్రం, "నా నంబరు మనోళ్లకు ఎవ్వరికి ఇయ్యకు బేటా" అన్నడు.

కొన్నేండ్లు గడిస్తే ఎవని మీది నవ్వయినా సల్లారిపోతదని మా అమ్మ అనేది. ఆమె రోజుల్ల మర్చిపోవుడు మనుషుల చేతుల ఉండె, ఫోన్ల చేతుల కాదు, అందుకే కాలం కూడ నవ్వులపాలైనోళ్ల దిక్కే ఉండె.