రామచంద్రయ్య అంకుల్‌కు లేని రోగం లేదు

మీరు మా రామచంద్రయ్య అంకుల్‌ను ఒక్కసారన్న కలవాలె. కలవకుంటే మీరు హైదరాబాద్‌ల ఉండి వేస్ట్. చిక్కడపల్లిల మా బిల్డింగ్ పై పోర్షన్ ఆయనదే. ఎవరికి ఏ రోగమొచ్చినా ఆయన ఒకటే మాట అంటడు: "నాక్కూడ ఉంది!" ఉత్తగ ఉండుడు గాదు, మనకంటే ఎక్కువనే ఉంటది.

నాకు జలుబు చేసి మెట్లెక్కుతుంటే ఆపిండు. "నీదేం జలుబురా అఖిల్? నాకైతే రెండు ముక్కులు బంద్. నోటితోనే బతుకుతున్న."

పక్క పోర్షన్ కీర్తనక్కకు మూడో నెల. పొద్దుగాల వాంతులైతున్నయని అన్నదో లేదో, "నాక్కూడనమ్మా!" అన్నడు. లోపల్నుంచి ఆయన భార్య రాగిణి ఆంటీ అరిచింది: "నీకెన్నో నెల?"

కింది పోర్షన్ల రాజ్యలక్ష్మి గారుంటరు. రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చిన్రు. ఒంటి మనిషి, చీరలకు ఫాల్ కుట్టుడే ఆమె బతుకుదెరువు. రెండువేల పన్నెండుల ఆమె కంటికి శుక్లం వచ్చింది. సూదిల దారం ఎక్కుతలేదు. నారాయణగూడల కండ్ల డాక్టర్ చూసి, "కంట్లో ప్రెషర్ ఎక్కువుందమ్మా. రోజూ చుక్కలు వేసుకోండి. అది తగ్గితేనే ఆపరేషన్" అన్నడు.

చుక్కల మందు నేనే తెచ్చిన. కొత్త సీసా మూత గట్టిగ తిప్పితే లోపలి ముల్లు మొనకు కన్నం పొడుస్తది, గప్పుడే మందు పడ్తది. అన్నీ చేసి దగ్గరికి పోతే, ఆమె కండ్లు గట్టిగ మూసుకున్నరు.

"బాబోయ్, మంట! వద్దు నాయనా, నేనిలాగే ఉంటాను."

మళ్ల చెకప్‌కు పోతే ప్రెషర్ ఉన్నకాడనే ఉంది. ఆపరేషన్ వాయిదా. చీరలిచ్చేటోళ్లు ఒక్కొక్కలే రాంనగర్ టైలర్ల దిక్కు మళ్లుడు షురూ చేసిన్రు.

గీ ముచ్చట అంకుల్ చెవిల పడ్డది. ఇగ ఆగుతడా? సాయంత్రం చేతిల సీసాతోటి దిగిండు.

"నాక్కూడ కంటిల ప్రెషర్!"

"అయ్యో! మీకెంతండీ?"

"ముందు మీకెంత?"

"ముప్పై అన్నారు."

"నాకు నలభై!"

కరెంట్ మీటర్ల రీడింగ్ తీసి రిటైరైన మనిషి. రీడింగులకు కొదవా?

కుర్చీల కూలబడి, తల ఎనకకు వాల్చి, సీసా వంపిండు. "అమ్మో! సచ్చిన్నో! కండ్లల్ల కారం పోసినట్టుందిరో!" బయట ఇస్త్రీ బండి పెట్టుకునే ఎల్లేశం ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి ఉరికొచ్చిండు.

రాజ్యలక్ష్మి గారికి చిర్రెత్తింది. "రెండు చుక్కలకే అంత గోలా? మగవారయ్యుండీ! అఖిలూ, నాకూ వెయ్యి. ఈయనకి చూపిస్తాను."

వేసిన. ఆమె కిక్కురుమనలే. "ఓస్, ఇంతేనా!"

గప్పట్నుంచి రోజూ గదే లొల్లి. ఆయన ఎంత ఒర్లితే ఆమె గంత హుషార్. మెల్లగ ప్రెషర్ దిగింది. ఆపరేషన్ మంచిగైంది.

ఆపరేషన్ తర్వాత గూడ వేరే చుక్కలుంటయి గదా. అంకుల్ గదే సీసాతోటి మళ్ల దిగిండు, మళ్ల ఒర్లిండు. ఈసారి రాజ్యలక్ష్మి గారు కొత్త చూపుతోటి ఆయన చేతిల సీసాను అట్లనే చూసిన్రు. ఆయన రుమాలు తీసి కండ్లు తుడుచుకుంటుంటే నా చెవిల గుసగుస.

"ఆ సీసా మొనకి సూది బెజ్జమంత కన్నం కూడా లేదయ్యా! ఇన్నాళ్లూ ఒక్క చుక్క పడితే ఒట్టు."

"ఆంటీ, అడుగుదమా?"

"నోర్ముయ్. అడిగితే రేపట్నుంచి రారు." గొంతు పెంచి, "అయ్యో, ఇంకా అంత మంటేనా అండీ?" అన్నరు.

"మీకేం ఎరుకమ్మా! మీదెంత, నాదెంత!"

నాకు నవ్వాగలే. ఆపుకోబోతే కండ్లెంబడి నీళ్లు.

"ఏమైందిరా అఖిల్?"

"కండ్లు మండుతున్నయి అంకుల్."

ఆయన మొఖం వెలిగిపోయింది. "నాక్కూడ!"

మీరైతే ఏం చేసేటోళ్లు? గా సీసా గుంజుకొని మూత గట్టిగ తిప్పి ఇచ్చేటోళ్లా, నా లెక్క కండ్లు తుడుచుకుంట కూసునేటోళ్లా? జర చెప్పున్రి.