ఫొటో ఇవ్వని క్లబ్బు

ఆ ఏడాది మా యూనివర్సిటీలో డబ్బుల్లేవు. ఉన్నాయని ఎవరూ ఎప్పుడూ అనలేదనుకోండి, ఆ ఏడాది మాత్రం లేవని కాగితం మీద రాసి పంపారు. విద్యార్థుల క్లబ్బులకిచ్చే సొమ్ములో సగం కోసేయాలి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే పని నాకప్పగించారు. ముక్కుసూటి మనిషినని నాకు పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయే రోజులవి.

మా దగ్గర క్లబ్బు బతకాలంటే ఫొటో ఉండాలి. వెనక ఫ్లెక్సీ, ముందు జ్యోతి ప్రజ్వలన, ఎవరో ఒకరి మెడలో శాలువా, కింద తేదీ, చోటు. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది అదే. మొక్కలు నాటే క్లబ్బువాళ్లు ఒకే మొక్కని మూడు వైపుల నుంచి తీసి మూడు కార్యక్రమాలన్నారు. నవ్వుకుంటూనే టిక్కు పెట్టాను.

చదివి వినిపించే క్లబ్బువాళ్లు మాత్రం ఒక్క తెల్లకాగితం ఇచ్చారు. ఆరుగురు పిల్లలు రోజూ సాయంత్రం సిటీ బస్సెక్కి, పటమటలో చూపులేని విద్యార్థులుండే హాస్టల్‌కి వెళ్లి పాఠాలు పైకి చదువుతారు. ఆ విద్యార్థులూ మావాళ్లే. తెలుగు మీడియం జిరాక్సు నోట్సుని ఫోన్లలోని యాప్‌లు సరిగ్గా చదివి వినిపించలేవు. క్లబ్బు అడిగిందల్లా బస్సు చార్జీలు.

"ఫొటో ఏదమ్మా?" అన్నాను, కాగితం తెచ్చిన అమ్మాయితో.

"హాస్టల్లో వాళ్లు వద్దన్నారండి మేడం. ఫ్లెక్సీ ముందు కూర్చోబెట్టి, మాకేదో దానం చేస్తున్నట్టు చూపించొద్దన్నారండి."

"అభిమానాలు ఫైల్లో పెడితే కుదరదమ్మా. ఒక్కటంటే ఒక్కటి తీసుకురా, మిగతాది నేను చూసుకుంటాను."

తీసుకురాలేదు. వారం ఆగి కొట్టేశాను. ఫొటో లేకపోయినా ఇవ్వొచ్చని కాగితం చివర నాలుగు ముక్కలు రాసి సంతకం పెడితే సరిపోయేది, ఆ అధికారం నాకుంది. ఎంత పొగరు ఈ పిల్లలకి అనుకున్నాను. ఫైలు పైకి వెళ్లి, సంతకాలై కిందికి వచ్చేసింది.

నాలుగు రోజులకి ఒకతను నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో కర్ర, ఒంటిమీద మడత నలగని నేత చొక్కా. ఎమ్మే చరిత్ర, ఆఖరి ఏడు. వాళ్ల నాన్న మగ్గం నేస్తాడట, ఆ గుడ్డ ఆయన నేసిందేనట. అడక్కుండానే చెప్పాడు.

"ఫొటో దిగడానికొచ్చానండి మేడం. మావాళ్లకి ఇష్టం లేదు, నేనొక్కణ్ణే దిగుతానండి. చదివి వినిపించేవాళ్లు రాకపోతే నేను పాసవలేనండి. ఎటు చూడమంటారు?"

డబ్బులు పంచేశామని చెప్పాలి. ముక్కుసూటి మనిషిని కదా, చెప్పాలి. ఫోను తీశాను. "కొంచెం కిటికీ వైపు తిరగండి," అని, ఆ వైపు ఎటో చెప్పాను. గడ్డం పైకెత్తి నవ్వాడు. నొక్కాను.

"వచ్చిందా అండి?"

వచ్చిందన్నాను. థాంక్స్ చెప్పి కర్ర ఆనించుకుంటూ వెళ్లిపోయాడు. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది.

పిల్లలు కొన్నాళ్లు సొంత డబ్బులతో వెళ్లారు. ఆరుగురు ఇద్దరయ్యారు, చివరికి ఆ అమ్మాయి మిగిలింది. ఆమెకీ పరీక్షలొచ్చాయి. అతను మూడు పేపర్లు తప్పాడు.

ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఏటా అదే తేదీన పొద్దున్నే ఫోనే దాన్ని పైకి తెచ్చి చూపిస్తుంది. తీసేద్దామని వేలు పెడతాను, చేత కాదు. అతను నా వైపు చూస్తున్నట్టుంటుందని రాయను, అది అబద్ధం. నేను చెప్పిన వైపే చూస్తున్నాడు, నమ్మకంగా. నాకు భయం వేసేది అందుకే. సాయంత్రాలు నా ఆఫీసు గదిలో ఒంటరిగా ఉంటే "ఎటు చూడమంటారు?" అని వినిపిస్తుంది. కిటికీ మూసేసి కూర్చుంటాను.

ఆ ఏడాది ఫలితాలొచ్చిన వారానికి ఆ అమ్మాయి వచ్చింది. అతను చదువు మానేసి ఊరెళ్లిపోయాడని, తనే బస్సెక్కించి వస్తున్నానని చెప్పింది.

"మిమ్మల్ని ఒకటి కనుక్కోమన్నాడండి. తను సరిగ్గా నిలబడకపోవడం వల్ల ఫొటో పాడైందేమోనని. అందుకే డబ్బులు రాలేదేమోనని."

"లేదమ్మా, బాగానే వచ్చింది."

"మరెందుకివ్వలేదండి?"

నేను బల్లమీద ఏదో కాగితం వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఆమె వెళ్లిపోయేదాకా వెతుకుతూనే ఉన్నాను.